మధ్యలో మళ్ళీ ఊదాలి

మిషిగన్‌లో ట్రాయ్‌కి వచ్చే రోడ్డు మీద, 2013 జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం. కారు నడుపుతున్నది ఉమాకాంత్. పక్క సీట్లో అతని కూతురు, పదిహేనేళ్ళ హాసిని.

“మళ్ళీ కిటికీ దించావేంటే? ఏసీ వేశాగా.”

“గాలి కావాలి డాడీ.”

“లేక్ దగ్గర అంతసేపు ఎండలో ఆడితే అంతే. తలనొప్పా?”

“ఊఁ. కొంచెం.”

“సాయంత్రం దాకా నీ ఫ్రెండ్ మీనా వాళ్ళింట్లోనే ఉంటానన్నావు. ఏమైంది మరి?”

“ఏం కాలేదు. బోర్ కొట్టింది. డాడీ, అది బీప్ అంటోంది.”

“విన్నాను.”

“ఆ మెషిన్‌లో మళ్ళీ ఊదాలిగా?”

“ఊదుతాలే. టైముంది.”

“ఎప్పుడూ బీప్ రాగానే తీసుకుంటావ్.”

“నడుపుతున్నా, కనపడట్లా? పక్కనే ట్రక్కుంది.”

“ట్రక్ వెళ్ళిపోయింది.”

“హాసూ.”

“ఏంటి?”

“ఆ మెషినందుకో. నువ్వు ఊదు.”

“నేనా?”

“ఒక్కసారి. గట్టిగా, ఆపకుండా ఊది, చివర్లో కొంచెం లోపలికి పీల్చాలి. నేను చేస్తుంటే చూశావుగా.”

“నేనెందుకు? అది నీది.”

“నీదో నాదో దానికేం తెలుసు? దానికి ఊపిరి కావాలి, అంతే.”

“డాడీ, నువ్వు తాగావా?”

“తాగడమేంటి. మీ దత్తు అంకుల్ వాళ్ళింట్లో గ్రిల్ పెట్టారు. అందరూ తీసుకుంటుంటే ఒక బీర్... ఒకటే.”

“ఒకటేనా?”

“రెండనుకో. పైన అన్నం కూడా తిన్నాను.”

“మరి కారెలా స్టార్టయింది? నువ్వు తాగితే స్టార్టవ్వదుగా. కోర్ట్ కేసయ్యాక అది పెట్టింది అందుకేగా!”

“అయింది.”

“ఎలా?”

“దత్తు అంకుల్ ఊదాడు. ఆయన తాగడు.”

“సీరియస్లీ? అది క్రైమ్ కదా డాడీ. ఆయనక్కూడా.”

“మరేం చెయ్యమంటావు? ఫోన్ చేసి వెంటనే రా, వెంటనే రా అని ఏడుపు గొంతుతో అంటే కూర్చోమంటావా?”

“నా మీద పెట్టకు.”

“పెట్టట్లేదమ్మా. నువ్వు ఊదు ముందు.”

“దత్తు అంకుల్‌నే డ్రైవ్ చెయ్యమనొచ్చుగా.”

“ఇంటి నిండా జనం. ఆయనెలా వస్తాడు? హాసూ, ప్లీజ్. ఇది అలా ఊరికే ఆగదు.”

“ఊదకపోతే ఏమవుతుంది?”

“హారన్ మోగుతుంది. లైట్లు కొట్టుకుంటాయి. ఇంజన్ ఆపేదాకా అంతే. రోడ్డంతా మన వైపే చూస్తుంది. ఎవడో పోలీసుకి ఫోన్ చేస్తాడు.”

“అయితే ఇప్పుడే ఆపేయ్.”

“ఆపినా ఊదలేదని దాన్లో రికార్డు పడిపోతుంది. అది స్టేట్ గవర్నమెంట్‌కి వెళ్తుంది. లైసెన్స్ మళ్ళీ పోతుంది. ఈసారి ఆఫీస్‌కి వెళ్ళి రావడానిక్కూడా ఇవ్వరు. ప్లాంట్‌కి ఎలా వెళ్ళను, బస్సా పాడా? జాబ్ పోతే వీసా సంగతేంటి? గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. నువ్విక్కడ పుట్టావు, నీకేం. నేనూ మీ అమ్మా పెట్టెలు సర్దుకోవాలి.”

“డాడీ, స్లో చెయ్యి.”

“స్లోగానే వెళ్తున్నా.”

“లేదు. లైన్ మీదకి పోతున్నావ్. డాడీ!”

“చూశాను, చూశాను! అరవకు. ఊదు.”

“ఊదను.”

“హాసినీ!”

“ఊదను. ఇక తాగనని నువ్వు ప్రామిస్ చేశావ్. తాగొచ్చి పక్కింటి ఉషా ఆంటీ వాళ్ళ మెయిల్‌బాక్స్ గుద్దేశాక, కిచెన్‌లో అమ్మతో అన్నావ్, నేను విన్నాను. వాళ్ళ పాప రోజూ అక్కడే సైకిల్ తొక్కుతుంది.”

“అదంతా ఇప్పుడెందుకు?”

“ఆ రోజు లోపలికెళ్ళింది కాబట్టి సరిపోయింది.”

“నేనేం కాదన్నానా? అప్పట్నించీ ముట్టలేదు. ఇవాళే. ఇవాళొక్కరోజే. అందరూ బలవంతం చేస్తే... చూడు, మళ్ళీ కొడుతోంది. ఇదే ఆఖరి బీప్. తీసుకో.”

“నేను పట్టుకోను దాన్ని.”

“నేను పట్టుకుంటా, నువ్వు ఊదు.”

“రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టు!”

“నీకు నా మీద కోపం. అందుకే. నాన్నకి బుద్ధి రావాలని.”

“కాదు.”

“కాకపోతే ఏంటి మరి? ఇంట్లో నువ్వొక్కదానివే మంచిదానివా? మేమంతా దొంగలమా?”

“నేను ఊదినా పాసవ్వదు డాడీ.”

“అవుతుంది. నీ ఊపిరికేం?”

“అవ్వదు!”

“ఎందుకవ్వదు?”

“నేను కూడా... నేను కూడా తాగాను.”

“ఏంటీ?”

“మీనా వాళ్ళ అన్నయ్య ఫ్రెండ్స్ తెచ్చారు. వాడ్కా. జ్యూస్‌లో కలిపారు. నాకు తెలిసే తాగాను. ఆంటీ వాళ్ళు ఇంట్లో లేరు. ఒకడు నన్ను ఇంట్లో దింపుతానని చెయ్యి పట్టుకున్నాడు. వాడూ తాగున్నాడు. నాకు భయమేసింది. బాత్రూమ్‌లోకెళ్ళి తలుపేసుకుని ఫోన్ చేశాను.”

“వాడు నిన్నేమైనా...”

“లేదు. ఏం లేదు. డాడీ, హారన్! హారన్ మొదలైంది! ఆపు!”

“ఆపుతున్నా.”

“అందరూ చూస్తున్నారు!”

“చూడనీ. ఉండు, పక్కకి తీస్తున్నా. వెనక వ్యాన్ వెళ్ళనీ... వెళ్ళింది. ఆపేశాను. అయిపోయింది. ఊరుకో.”

“సారీ డాడీ.”

“నువ్వు సారీ చెప్పకే. వాంతొస్తోందా? తలుపు తియ్యి. అటు గడ్డిలోకి... ఆఁ. రానీ, రానీ. జుట్టు నేను పట్టుకున్నాలే. ఇంద, పుక్కిలించు.”

“నీ లైసెన్స్ పోతుందా?”

“పోతుంది.”

“నేను ఊదను అన్నందుకా?”

“నేను తాగినందుకు. నోరు తుడుచుకో.”

“వాడి కారెక్కకూడదని దాక్కుని, నీ కారెక్కాను.”

“ఇవిగో తాళాలు, నీ దగ్గరుంచుకో.”

“డాడీ, ఏదైనా అను.”

“ఫోనివ్వు, మీ అమ్మకి చేస్తాను.”

“నా సంగతి చెప్తావా?”

“నా సంగతి నేను చెప్పుకుంటాను. నీది నువ్వు చెప్పుకో. ఇవాళ ఏదీ దాచద్దు... హలో, రాణీ. నువ్వు రావాలి. రోడ్డు పక్కన ఆగున్నాం. దెబ్బల్లేవు, ఎవరికీ ఏం కాలేదు. నేను తాగి నడిపాను. ఆఁ, తాగి. హాసిని నాతోనే ఉంది. అవును, దాన్ని ఎక్కించుకునే నడిపాను. వచ్చాక తిట్టు రాణీ, ఎంతైనా తిట్టు. లేదు, ముట్టుకోను. తాళాలు దానికే ఇచ్చాను.”

“ఏడుస్తోందా?”

“ఏడుస్తోంది. వస్తోంది. ఇలా నీడలోకి రా, కూర్చో.”

“ఊఁ.”

“ఒక్క మాట అడుగుతాను, కోప్పడను. అమ్మ ఇంట్లోనే ఉంది. కారుంది. పిలిస్తే పరిగెత్తుకొచ్చేది. ఆవిడకి చెయ్యకుండా నాకెందుకు చేశావే?”

“అమ్మ నా పక్కన కూర్చోగానే వాసన పట్టేస్తుంది డాడీ. నీకైతే ఆ వాసన అలవాటేగా, తెలీదనుకున్నా. నువ్వు ఇప్పటికీ రోజూ రాత్రి బేస్‌మెంట్‌లో తాగుతావుగా.”