వైరు లాగి చూసే మా మేడమ్‌కు

పంతొమ్మిది వందల తొంభై మూడు, జూన్ పద్నాలుగో తేదీ సోమవారం ఉదయం మా సంస్థ మరమ్మతుల విభాగంలో చిన్న సాంకేతిక ఉద్యోగినిగా అడుగుపెట్టి, వైద్య పరికరాల డిజైన్ విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా మేడమ్‌ను అభినందిస్తూ నాలుగు మాటలు రాసే భాగ్యం, పక్క టేబుల్ వాడినైన నాకు దక్కింది. ఎదుట పొగిడితే "వేరే పని లేదా మీకు?" అంటారు, అచ్చులో పొగిడితే ఆపలేరు గనుక ఈ అవకాశాన్ని పూర్తిగా వాడుకుంటున్నాను.

తొలి సంవత్సరాలను వారు కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య, సోల్డరింగ్ పొగలో గడిపారు. మైక్రోకంట్రోలర్లు వచ్చిన కొత్తలో మేమంతా ఆ బుల్లి చిప్పును చూసి బెదిరిపోతుంటే, వారు భోజన విరామాల్లో కూర్చుని నేర్చుకొని, ఆనక మా అందరికీ ఓపికగా నేర్పారు. ఓపికగా అన్నది మర్యాదకు రాశాను. అదే సందేహం రెండోసారి అడిగినప్పటి వారి చూపును మాలో ఎవరూ మరచిపోలేదు.

డిజైన్ విభాగానికి మారాక వారు చేపట్టిన తొలి బృహత్కార్యం, నవజాత శిశువుల శరీర ఉష్ణోగ్రతను ఎడతెగక చూపుతూ, తేడా వస్తే మోగే పరికరం. మంచం దగ్గర ఉన్నంతసేపు యూఎస్‌బీ వైరుతో, బిడ్డను మరో గదికి తీసుకెళ్లేటప్పుడు బ్యాటరీతో అది నడవాలి. మా టేబుళ్ల మీద దివ్యంగా నడిచింది. ఆసుపత్రిలో చూపించిన రోజున హెడ్ నర్సు వైరు తీయగానే తెర నల్లబడి, పరికరం మళ్లీ మొదటినుంచి మొదలై, అప్పటిదాకా నమోదైనదంతా మాయమైంది.

"అమ్మా, వైరు ఉన్నంతసేపే ఇది పనిచేస్తే, బిడ్డను ఎత్తుకుని నడిచేటప్పుడు నేను దేన్ని చూసుకోవాలి?" అని ఆమె అడిగితే, పరికరాన్ని పెట్టెలో సర్దుకొని వెనక్కి వచ్చేశాం.

కారణం సిగ్గుపడవలసినంత చిన్నది. ప్రోగ్రాం ఎక్కించడానికి మా పరికరాలకు కంప్యూటర్ వైరు ఎప్పుడూ తగిలించే ఉండేది; లోపం వెతుకుదామని వైరు పెట్టగానే దానితోపాటు కరెంటూ వచ్చి, లోపం కాస్తా కనిపించకుండా పోయేది. డాక్టరు ముందు కూర్చోగానే తగ్గిపోయే నొప్పి లాంటిదన్నమాట. మేడమ్ పట్టుబట్టి, యూఎస్‌బీ ఉన్నంతసేపు బ్యాటరీని పక్కన కూర్చోబెట్టి, అది పోగానే బ్యాటరీకి దారి తెరిచే మాస్‌ఫెట్ అనే చిన్న స్విచ్చునూ, ఆ మార్పిడి జరిగే లిప్తపాటు సర్క్యూట్‌ను ఆదుకునే కెపాసిటర్‌నూ అమర్చి, పరికరాన్ని తిరిగి తీసుకెళ్లారు. ఈసారి హెడ్ నర్సు ఎన్నిసార్లు వైరు తీసినా తెర రెప్ప వేయలేదు.

ఆనాటి నుంచే ఆ సుప్రసిద్ధ ఆచారం మొదలైంది. చడీచప్పుడు లేకుండా వచ్చి, మనం తలమునకలై పనిచేస్తున్న పరికరం వైరు లాగేసి, "ఊఁ, చూద్దాం" అంటూ చేతులు కట్టుకుని నిలబడేవారు.

"మేడమ్, చెప్పి లాగొచ్చు కదా!" అని నేను మొత్తుకుంటే, "కరెంటు నీకు చెప్పి పోతుందా?" అనేవారు. 'వైరు మేడమ్' అన్న పేరు అలా స్థిరపడింది.

విరమణ తేదీ ఖరారైనప్పటి నుంచి మాకు ఒకటే గుబులు: వారు లేకుండా ఈ విభాగం నడుస్తుందా? పై అధికారులదీ అదే సందేహం. మమ్మల్ని తీసుకెళ్లి వేరే విభాగంలో కలిపేస్తారన్న మాట కూడా వినిపించింది. సరిగ్గా అప్పుడే, కొత్త నమూనాను ఆసుపత్రికి అప్పగించవలసిన వారంలో, మేడమ్ హఠాత్తుగా సెలవు పెట్టారు. ఫోన్ స్విచ్చాఫ్! మొదట కడుపునిండా తిట్టుకున్నాం. ఆపై తిట్టుకునే తీరిక కూడా లేక పనిలో పడ్డాం. వైరు నుంచి బ్యాటరీకి మారేచోట తలెత్తిన చిక్కును మేమే పట్టుకొని, మేమే సరిచేసి, ఇప్పుడు తల నెరిసిన ఆ హెడ్ నర్సు చేతనే బాగుందనిపించుకొచ్చాం.

తరువాతి సోమవారం మేడమ్ ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నారు.

"ఎక్కడికెళ్లిపోయారు మేడమ్? ఇక్కడ మా ప్రాణాలు పోయాయి!"

"ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉన్నా. వైరు లాగి చూశానంతే. ఆగలేదుగా?"

విభాగం ఇలాగే కొనసాగుతుందని ఆ సాయంత్రమే అధికారులు ప్రకటించారు. ఫొటోగ్రాఫరైన వారి శ్రీవారు మొన్న ఈ వీడ్కోలు సంచికకు ఫొటోలు ఇవ్వడానికి వచ్చి, నా చెవిలో అసలు సంగతి వేశారు: "ఆ వారం మా ఇంట్లో ఎవరికీ తిండి సహించలేదండీ. ఫోన్ ఆపేసి డ్రాయర్లో పడేసింది, ఊరికూరికే తెరిచి చూసుకునేది. పోనీ ఆన్ చేయనా అంటే నా చేతి మీద ఒక్కటిచ్చింది!"

మేడమ్, మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, తరగని ఆ కోపంతో, దానికి ఎప్పుడూ దొరికిపోయే శ్రీవారితో, చిరకాలం హాయిగా వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. ఆగలేదు మేడమ్, ఇకపైనా ఆగం. అయినా మాకు నమ్మకం చాలదు. వీలు చిక్కినప్పుడల్లా చెప్పకుండా వచ్చేయండి. నా టేబుల్ మీద ఒక వైరు మీకోసం తగిలించే ఉంచుతాను.