చెంచాడు పొడి

దర్జీ ఆవిడ పొడి డబ్బాని మూలికల దుకాణం బల్లమీద ఠక్కున పెట్టింది.

"మోకాళ్లకి మూలికన్నావు, మా అత్తగారిని మూలన పడేశావు! కళ్లు పచ్చబడి ఆసుపత్రిలో ఉంది. ఇందులో ఏముందని డాక్టరు అడుగుతున్నాడు."

"అన్నీ ఆకులేనమ్మా. ఆకు అపకారం చేస్తుందా?"

"గన్నేరూ ఆకే!"

"చంటిపిల్లలు కూడా తినొచ్చమ్మా."

"అయితే నువ్వు తిను." చెంచా నిండా తీసి అతని నోటి ముందు పెట్టింది.

దుకాణదారు వెనక్కి జరిగాడు. "నాకొద్దమ్మా. బీపీ మాత్రలు వాడుతున్నాను, రెండూ కలిస్తే పడదు."

"ఆవిడా అవే మింగుతోంది! అమ్మిన రోజున ఆ ముక్క అడగకుండా నోట్లో పొడి పోసుకున్నావా?"

అతను తల దించుకున్నాడు.

"నేలమీద ఏం రాసుంది? కాగితం తియ్యి. ఏమేం కలిపావో ఒక్కటీ వదలకుండా రాయి."