గాజుపాకలో మంగతాయారు

మంగతాయారని ఒకావిడ ఉండేదంట చినలంకలో. అంట ఏంటి నా మొహం, ఉండేది, నేనెరుగుదును. చినలంకంటే ఊరంతా మల్లెతోటలే. వెలుగు రాకముందే ఆడోళ్లు బుట్టలు చంకనెట్టుకుని తోటల్లో పడతారు. ఎందుకంత తొందరంటే, విచ్చుకున్న పువ్వుని సంతలో ఎవడూ ముట్టుకోడు, మొగ్గే కావాలి. ఐదేళ్ల పిల్లకి కూడా అదే నేర్పుతారు, మొగ్గ ఉబ్బిందా, తుంచెయ్. మన తాయారు కూడా అలా నేర్చిందే. ఆవిడ చెయ్యి ఎలాంటిదనుకో, కళ్లు మూసుకున్నా కోసేస్తుంది. ఏంటమ్మా? వినపడట్లేదా? దగ్గరికి జరగండి. గొంతు పెంచమంటే నావల్ల కాదు, ఉన్నదింతే. ఇంతే ఎందుకుందో అదీ ఈ కథలోనే వస్తుంది.

ఆవిడ మొగుడు గన్నియ్య. మొక్కల లారీ నడిపేవాడు. మన గోదారొడ్డు నర్సరీల మొక్కలు ఎక్కడెక్కడి ఊళ్లకో తోలేవాడు. అలా ఓసారి కొండల మీద చల్లటి ఊరి నుంచి నాలుగు దుంపలు తెచ్చేడంట, చూడ్డానికి చిలగడదుంపల్లా ఉన్నాయి. ఉడకెయ్యనా మావా అందంట ఈవిడ. ఉడకేస్తే చూడు, ఇది డేలియా, పళ్లెమంత పువ్వు పూస్తుంది, టౌన్లో పూల పోటీకి పెడదాం అన్నాడంట. ఏమైందంటే, పోటీ పువ్వుకి ఒక పద్ధతుంది. మొక్కకి పది మొగ్గలొస్తే తొమ్మిది తుంచెయ్యాలి, ఒక్కటే ఉంచాలి, మొక్క బలమంతా ఆ ఒక్కదానికే పోవాలి. గన్నియ్య నాలుగింట్లో బలమైన మొక్క చూసుకుని, అలాగే ఒక్క మొగ్గ ఉంచి, దానికి తాటాకు నీడ కట్టి, లారీ దిగితే చాలు దాని దగ్గరే చతికిలబడేవాడు. ఉగాది వెళ్లింది, ఎండలు ముదురుతున్నాయి, పోటీ ఇంకో రెండ్రోజులుందనగా మొగ్గ ఉబ్బి అంచున ఎర్రరంగు కనపడింది. కుండీ తీసుకెళ్లడానికి బండి మాట్లాడొస్తానని గన్నియ్య పొద్దున్నే వెళ్లేడు. తాయారు పెరట్లో మల్లెలు కోస్తోంది. కళ్లు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. ఒక పాదు అయింది, రెండో పాదు అయింది, మూడోది అయింది, పక్కనే డేలియా. చెయ్యి ఆగలేదు. తుంచేసింది. బుట్టలో పడ్డాక చూసుకుంది, ఇంత బరువు మొగ్గేంటా అని.

గన్నియ్య వచ్చి చూసేడు. తిట్టేడా అంటే, తిట్టినా బాగుండు. మీ మల్లెలు కోసేవాళ్లకి పువ్వు విచ్చుకునేదాకా ఆగే ఓపిక లేదే తాయారూ అన్నాడంట, అంతే. ఆవిడకి సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చేయి. ఊరుకుంటే పోను, ఒక్క మొగ్గకి ఇంత మొహం మాడ్చుకునేవాడివి, పోయి ఆ మొక్కల్తోనే కాపరం చేసుకో అనేసింది. ఆయన లారీ ఎక్కేడు. ఎక్కడం ఎక్కడం అదే. నెలయింది, ఏడాదయింది, రాలేదు. అప్పట్లో ఫోన్లు లేవు. ఒకడు ఘాట్‌రోడ్డులో చూశానంటాడు, ఇంకోడు కర్నూలు వైపంటాడు. గట్టుమీద లారీ హారన్ వినపడితే చాలు, ఆవిడ చెయ్యి పాదు మీద అలా ఆగిపోయేది. ఆ లారీ ఆగకుండా వెళ్లిపోయేది. మళ్లీ కోసుకునేది. బెంగంటే మంచం పట్టడమే అనుకుంటాం గానీ, ఆవిడ బెంగ పనిచేసుకుంటూ తిరిగేది.

ఇంతలో ఏమైందంటే, మట్టిలో ఉన్న దుంపలు మళ్లీ మొలకెత్తేయి. కొండల మీద వీటిని అద్దాల గదుల్లో పెంచుతారని గన్నియ్య చెప్పిన మాట ఆవిడకి గుర్తొచ్చింది. పాత బంగళా ఒకటి పడగొడుతుంటే కిటికీ అద్దాలు మోయించుకొచ్చి, పెరట్లో పాక కట్టింది. పైన అద్దాలే, చుట్టూ అద్దాలే. ఊరంతా గాజుపాక, గాజుపాక అని చూడ్డానికొచ్చేరు. చల్లటి చోట అద్దాలెందుకు పెడతారు? వెచ్చగా ఉండాలని! మన చైత్రమాసపు ఎండలో పెడితే ఏమవుద్ది? వారంలో మొక్కలన్నీ తోటకూర ఉడికినట్టు ఉడికేయి. నవ్వకండి, ఆవిడ నవ్వలేదు. ఇంకో ఏడు అద్దాల మీద సున్నం కొట్టింది, పైన తలుపు తెరిచింది, తడిపిన గోనెసంచులు చుట్టూ వేలాడేసింది. ఆ ఏడు నిమ్మకాయంత పువ్వు. ఆ పై ఏడు పిడికిలంత. పొద్దున్న మల్లెలు కోసేటప్పుడు గాజుపాక వైపు వెళ్లాలంటే కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ముడేసుకునేది. ఎందుకే అంటే, దీన్ని నేను నమ్మను అనేది.

ఇదంతా కప్పు కోసం అనుకున్నారా? కాదు. పోటీలో రెండో ప్రైజూ మూడో ప్రైజూ పలక మీద రాసి ఊరుకుంటారు. మొదటి ప్రైజు పేరొక్కటే మైకులో పిలుస్తారు. ఆ మైదానం పక్కనే లారీల అడ్డా, పోటీ రోజుల్లో ఎక్కడెక్కడి మొక్కల లారీలూ అక్కడికే వస్తాయి. గన్నియ్య పేరు గన్నియ్య చెవిన పడాలి, అదీ ఆవిడ ఆశ.

ఆరో ఏడు పూసింది చూడు, పళ్లెమంత అన్నాడు కదా, నిజంగా పళ్లెమంతే. ఎర్రగా. కుండీ ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వచ్చింది. ఎవరి పేరు రాయమంటావమ్మా అని అడిగేరు. దుంప మా ఆయనది, ఆయన పేరే రాయండి అంది. మొదటి ప్రైజు దానికే వచ్చింది. చినలంక గన్నియ్య గారు స్టేజీ మీదకి రావాలి! ఎవరూ రాలేదు. చినలంక గన్నియ్య గారూ! లేరు. మూడుసార్లు పిలిచి రాకపోతే రెండో ఆయనకి ఇచ్చెయ్యాలని రూలు. అప్పుడు తాయారు స్టేజీ దగ్గరికి వచ్చింది. కప్పు వాళ్లకే ఇచ్చుకోండి బాబూ, ఆ పేరు మాత్రం ఇంకోసారి పిలవండి అంది. కొంచెం గట్టిగా పిలవండి అంది. ఆ మైకు ఎవరిదనుకున్నారు? నాదే. ఆ పిలిచేవాణ్ణి నేనే. పిలిచేను. ఇంకోసారన్నట్టు చూసింది. పిలిచేను. ఏవయ్యా మైకూ, నీకేమన్నా పిచ్చా అని పెద్దలు తిడుతున్నారు. చివరికి ఒకాయన వచ్చి తీగ పీకేసేడు. పీకితే పీకేడు, గొంతుందిగా! లారీల అడ్డాలోకి వెళ్లి, ఒక లారీ మీదకెక్కి పొద్దుగూకేదాకా అరిచేను. గన్నియ్యా! చినలంక గన్నియ్యా! ఆవిడ కింద కుండీ పట్టుకుని నిలబడింది. ఎవరూ రాలేదు. ఆ మొహం చూడలేక నేనే రిక్షా ఎక్కించి పంపించేను.

నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చేడంట. ఎవడో క్లీనరు ఘాట్‌రోడ్డు టీకొట్లో చెప్పేడంట, పూల పోటీ దగ్గర నీ పేరు పెట్టి ఒకడు గొంతు చించుకున్నాడు అని. తిన్నగా పెరట్లోకి వచ్చి, నేను పువ్వు పెట్టలేదే, నా పేరెందుకు పిలిచేరు అన్నాడంట. తాయారు పక్కకి జరిగింది. గాజుపాకలో పువ్వు అలాగే ఉంది మొక్క మీద. వెనక రేకులు రాలిపోతున్నాయి, ముందు ఇంకా ఎర్రగా ఉంది. కొయ్యలేదా అన్నాడంట. లేదు మావా అంది. ఆ చెయ్యికి గుడ్డేంటి? ఈ పువ్వు పూసిన్నాటి నుంచి కట్టే ఉంచేను, నువ్వొచ్చి చూసేదాకా విప్పననుకున్నాను అంది. ఆయన అక్కడే కింద కూర్చుని, ఆవిడ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆ ముడి విప్పేడంట. గట్టిగా బిగుసుకుపోయిందంట, చాలాసేపు పట్టిందంట.

ఇదంతా తర్వాత తాయారమ్మే నాకు చెప్పింది, వేణ్ణీళ్లలో తేనె కలిపి ఇస్తూ. ఆ రోజు అరిచిన అరుపుకి పోయిన గొంతు ఇదే. ఆవిడ మనిషి ఆరేళ్లకైనా వచ్చేడు. నా గొంతు ముప్పై ఏళ్లయింది, ఇంకా రాలేదు. రాకపోతే పోయింది లెండి.