ఖాళీ పాదు

1989 వేసవిలో, నూజివీడులోని తన సర్వే ఆఫీసు గదిలో, సర్వేయరైన కోడలు కంప్యూటరు మీద తమ మామిడితోట పటం తెరిచి మామగారి చేతికి మౌస్ అందించింది. ఏ చెట్టు ఏ రకమో ఆయనకొక్కరికే తెలుసు. కాని ఆయన చేయి వణుకుతుంది; చేయి వణికితే గురి తప్పుతుంది, గురి తప్పితే పటమే తప్పవుతుంది.

“ఇది చిన్నరసం. ఇది పెద్దరసం. ఒక్కటీ తప్పలేదు చూశావా! పొద్దున కాఫీ మాత్రం సగం పంచె మీదే పోసుకున్నాను. ఏంటమ్మా ఈ చిత్రం?”

“మీ చేయి కుదుటపడినట్టుంది, మామయ్యగారూ.”

“నా దగ్గరా అబద్ధాలు?”

“చిన్న ప్రోగ్రాం రాశానండీ. మీరు నొక్కింది పటానికి చేరకముందే అది పట్టుకుని, దగ్గరున్న చెట్టు మీదికి చేరుస్తుంది.”

“అదా సంగతి! మరి ఇక్కడ మూడుసార్లు నొక్కాను. పక్కనున్న బంగినపల్లి మీదికే పోతోంది.”

“అక్కడ చెట్టు లేదు కదండీ.”

“ఉండేది. మీ అత్తయ్య టెంక పాతి పెంచింది. ఆవిడ పోయిన ఏడే గాలివానకి పడిపోయింది. ఆ పాదులో ఇంకోటి నాటనివ్వలేదు నేను.”

కోడలు కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

“ప్రోగ్రాం ఆపేశాను. ఇప్పుడు నొక్కండి.”

“వణుకుతుందే?”

“ఎన్నిసార్లయినా నొక్కండి. నాకేం తొందర లేదు.”

ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆయన నొక్కారు. అయిదోసారికి ఖాళీ పాదులో చుక్క పడింది.

“రకం ఏమని రాయనండీ?”

“ఒట్టి పులుపు. మీ అత్తయ్య ఒక్కతే తీపనేది.” ఆయన మణికట్టు వదిలి, తెర మీది చుక్క వైపు చూశారు. “తీపనే రాయమ్మా.”