షీల్డు చేసిన పరశురాములు

షాద్‌నగర్ బైపాస్ పక్కన జానమ్మ చాయ్ బండి దగ్గర కూర్చున్న బీరన్న చాయ్ గ్లాసు పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. అక్కడ ఊళ్లో కబడ్డీ ఫైనల్ మొదలైపోయింది. గెలిచినవాళ్లకు ఇవ్వాల్సిన షీల్డు మాత్రం ఇంకా ఆయన చేతికి రాలేదు.

మన దిక్కు షీల్డంటే వేరే అర్థం ఎవరికీ తోచదు. బడిలో వ్యాసం రాసిన పిల్లకిచ్చినా, సంతలో మంచి ఎద్దుకిచ్చినా, నల్లటి చెక్క మీద ఇత్తడి బిళ్ల కొట్టి ఇచ్చేదే షీల్డు. పోయినేడు అది లేకపోబట్టే గెలిచిన పక్కూరివాళ్లు గ్రౌండ్లోంచి లేవమని కూర్చున్నారు. మాటా మాటా పెరిగి చొక్కాలు చిరిగాయి. ఈసారి షీల్డు పూచీ నాదని బీరన్న రెండూళ్ల ముందు తన గొర్ల మంద మీద ఒట్టేశాడు. మొన్న ఇదే బండి దగ్గర, కేబుల్ కనెక్టర్లు చేసే కంపెనీలో పనిచేసే పరశురాములును పట్టుకుని "అన్నా, ఒక షీల్డు కావాలె" అని అడిగితే, "షీల్డులు చేసుడే నా పని గదనే! ఐతారం రా, చేతుల పెడ్త" అన్నాడాయన. ఆ మాట నమ్మి బజార్లో చెప్పిన షీల్డును కూడా వద్దన్నాడు బీరన్న.

ఆదివారం మాట తప్పకుండా పరశురాములు వచ్చాడు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా తప్ప ఏమీ కనబడలేదు.

"అన్నా, షీల్డు..."

"ఇస్త తియ్. ముందుగాల అదెట్ల పుట్టిందో ఇను. వట్టిగ పట్కపోతే దాని ఇలువ ఎట్ల తెలుస్తది? జానమ్మా, నాకో చాయ్. మా కంపెనీల ఒక మిషిను చెయ్యుంటది తమ్మీ, మనిషి చెయ్యి లెక్కనే. పక్కన పెద్ద మోటరు ఆన్ జేస్తే సాలు, అది గజగజ వణుకుతది. స్క్రూ బిగియ్యవే అంటే పక్కనున్నోని టోపీ గుంజుతది. ఎందుకు? మోటరు నుంచి కంటికి కనవడని గడబిడ లేస్తది, కేబుల్ల దూరి సిగ్నల్‌ను ఆగం జేస్తది. అందుకనే కేబుల్‌కు రాగి జాలి కప్పి షీల్డు ఇయ్యాలె."

"కేబుల్‌కు షీల్డా? ఎవర్ని ఓడగొట్టిందనే?" అన్నాడు బీరన్న, నోరు తెరిచి.

"గడబిడను!"

బీరన్న తల ఊపాడు. మనుషులకు శాలువా కప్పి షీల్డు ఇస్తారు కదా, కంపెనీలో కేబుళ్లకు జాలి కప్పి ఇస్తారు కాబోలు. పెద్ద కంపెనీల మర్యాదలు మనకేం తెలుసు.

"ఇంజినీర్లేం జేసిన్రు? జాలి కొసలన్నీ మెలివెట్టి పిలక లెక్క జేసి కనెక్టర్‌కు ఒక్క కాడ అతికిచ్చిన్రు. గడబిడకు గదే దర్వాజ. నేను పోయి, సార్, పిలక కోసెయ్యిండ్రి, జాలిని గొడుగు లెక్క ఇప్పి కనెక్టర్ మూతి సుట్టూ సందు లేకుంట బిగియ్యిండ్రి అన్న. బిగిచ్చిన్రు. చెయ్యి వణుకు బంద్!"

ఇంతవరకు నిజమే అయి ఉండవచ్చు. ఇక్కడ లేచి పోయినవాడు పరశురాములును బుద్ధిమంతుడనే అనుకుంటాడు. కానీ జానమ్మ చాయ్ గ్లాసు ముందు పెట్టింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గిది సాలదని నేను ఇంకో షీల్డు డిజైన్ జేసిన. జాలి మీద జాలి, దాని మీద రేకు, రేకు మీద మళ్ల జాలి. బిగిచ్చుడే ఆలస్యం, షాద్‌నగర్ల ఒక్క ఫోనన్న మోగితే ఒట్టు! టవర్లన్నీ మూగోళ్ల లెక్క నిలవడ్డయ్. మొగుడు పెండ్లాలు ఎదురెదురుగ కూసోని మాట్లాడుకున్నరు. మూడిండ్లల్ల లొల్లి అయింది."

"మా ఇంట్ల కాలేదే మరి?" అంది జానమ్మ.

"నీ ఫోన్‌ల బ్యాలెన్స్ ఉంటే గద! ఇంతల అమ్రాబాద్ నుంచి అడివాఫీసరు ఉరికొచ్చిండు. పరశురాములు గారూ, మా పులుల మెడల పట్టీలుంటయ్, ఏ పులి యాడుందో కంప్యూటర్ల కనవడ్తది, నిన్నటి సంది ఒక్కటి కూడ కనవడ్తలేదు అని కండ్లనీళ్లు వెట్టుకుండు."

"అయ్యో!" అన్నాడు బండి పక్కన నిలబడి వింటున్న ఆటో రాంచందర్. ఆయన ప్యాసింజర్లు ఆటోలో కూర్చుని ఎప్పటినుంచో పిలుస్తున్నారు.

"నేను నల్లమలకు వోయిన. ఒక్క పోగు, ఒకే ఒక్క పోగు జాలిల నుంచి ఇప్పిన. అంతే! పొదలల్లకెళ్లి పులులు వరుసగ వచ్చి, ముంగటి కాళ్లు రెండు జోడిచ్చి నాకు దండం వెట్టినయ్. పిల్ల పులి నా కాల్మొక్కింది."

బీరన్న చేతిలో గ్లాసు ఒరిగి చాయ్ పంచె మీద పోయింది. ఆయనకు తెలియలేదు. పులులు కాళ్లు మొక్కిన మనిషి చేసిన షీల్డు! పక్కూరివాళ్లు దాన్ని ఎత్తుకుని తిరగడం కాదు, గుడి కడతారు.

"ఇంకొకటి జెప్త. మొన్న వానకు పిడుగు వడ్డది సూడు? సక్కగ నా కనెక్టర్ మీదికే దిగింది. సుట్టూ తిరిగి సూసింది, దూరెతందుకు సందు లేదు. ఏం జేస్తది? వచ్చిన తొవ్వనే ఎన్కకు మర్లి మొగులెక్కింది!"

రాంచందర్ తలెత్తి ఆకాశం వైపు చూశాడు.

"నమ్మరా? గిదో." జేబులోంచి పాము కుబుసంలాంటి రాగి జాలి గొట్టం తీశాడు. బీరన్న ఫోనును అందులోకి తోసి, డబ్బాలో పెట్టి మూత నొక్కాడు. "ఇగ దేవుడు ఫోన్ జేసినా మోగది!"

డబ్బా ఠంగుమని మోగింది. డోలు దరువు రింగ్‌టోను. స్టీలు లోపల్నుంచి ఇంకా గట్టిగా వినిపించింది.

"దేవుడే అనుకుంట," అంది జానమ్మ.

బీరన్న మూత తీసి ఫోను ఎత్తాడు. అవతల మేనల్లుడు సాయికిరణ్ అరుపు బెంచీ అంతా వినిపించింది. "మామా! పక్కూరోళ్లే గెలిచిన్రు! షీల్డు తెస్తేనే లేస్తమని గ్రౌండ్ల కూసున్నరు! యాడున్నవ్?"

"అన్నా," అన్నాడు బీరన్న, "షీల్డియ్యి."

"ఇచ్చిన గదనే, గిదే గద," అని పరశురాములు ఆ జాలి గొట్టాన్ని ఆయన చేతిలో పెట్టాడు. "నీ బోరు మోటరు వైరుకే గద నువ్వడిగింది?"

బీరన్న ఆ గొట్టాన్ని చూశాడు. దానిలోంచి పరశురాములు ముఖం చూశాడు. "కబడ్డీకి! గెలిచినోళ్లకు! చెక్క మీద ఇత్తడి బిళ్ల!"

పిడుగును మళ్లగొట్టిన మనిషి కథలాపి, డబ్బా చంకన పెట్టుకుని లేచాడు. జానమ్మ ఎరుకలో అది మొదటిసారి.

బీరన్న ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. తర్వాత ఫోను చెవికి పెట్టుకున్నాడు. "అల్లుడా, వస్తున్న. షీల్డు దొరకలే, షీల్డు చేసినాయిన దొరికిండు. ఆయన్నే పట్కొస్తున్న. శాలువా కప్పి గెలిచినోళ్లకు అప్పజెప్తం, ఎత్తుకొని ఊరంత తిప్పుకుంటరు."

"తమ్మీ, జర ఆగు, వాళ్లు కొడ్తరే..."

బీరన్న తన మోటార్‌సైకిల్ స్టార్ట్ చేసి, ఆయన చెయ్యి పట్టి వెనక సీటు మీదికి లాగాడు.

"పులులే దండం వెట్టినయ్ గదనే, పక్కూరోళ్లు వెట్టరా? ఎక్కు!"