మన ఓడను రేవుకు చేర్చిన దియోలిండా అర్రూడా గారు

1986 సెప్టెంబరు మూడవ తేదీన, న్యూ బెడ్‌ఫర్డ్ రేవు మీద పొగమంచు ఇంకా విడవని ఉదయాన, శ్రీమతి దియోలిండా అర్రూడా గారు మన కళాశాల చరిత్ర శాఖలో ఉపన్యాసకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. అట్లాంటిక్ నడుమ ఉన్న అజోర్స్ దీవుల నుంచి వలస వచ్చి బట్టల మిల్లులో బతుకు అరగదీసుకున్న దంపతుల కుమార్తె అయిన వారికి, పగలు పాశ్చాత్య నాగరికత, సాయంత్రం వలసల చరిత్ర బోధించే భారం అప్పగించారు. ఆ రెండు బరువులనూ ఒకే భుజం మీద మోస్తూ వారు ముప్పై ఎనిమిదేళ్ళు నడిచారు. అలసిపోయారని అనడం అగౌరవం కాదు. అంత సేవకు అలసట రాకుంటేనే ఆశ్చర్యం.

తొలినాళ్ళలో పాశ్చాత్య నాగరికత పాఠం ఏథెన్స్‌లో ఆరంభమై, రోములో నెలల తరబడి విడిది చేసి, ఫ్రెంచి విప్లవాన్ని అందుకునేసరికి మే నెల పరీక్షలు ముంచుకొచ్చేవి. పాఠంలో విద్యార్థుల తాతముత్తాతలు అప్పటికి వలస ఓడైనా ఎక్కేవారు కారు. చేపల కర్మాగారంలో రాత్రి పని ముగించుకుని తరగతికి వచ్చే అడెలీనో ఒకనాడు ఆవలింత ఆపుకుంటూ లేచాడు.

"మేడమ్, పరీక్షలొచ్చేశాయి. మా తాత ఓడ ఇంకా రాదేంటి?"

"సాయంత్రం పాఠంలో చేరు నాయనా, అందులో వస్తుంది."

"సాయంత్రమే కదా మేడమ్ నేను డ్యూటీ ఎక్కేది. అయితే నాకిక రానట్టే!"

తరగతి గొల్లున నవ్వింది. అర్రూడా గారు నవ్వలేదు. మరుసటి ఏడు పాఠాన్నే తిరగేసి, మన రేవులో దిగినవారితో మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి గ్రీసు వైపు నడిపించారు. అప్పటి డీన్ వెండెల్ టేబర్ గారు కంగారుపడ్డారు.

"ఇలాగైతే ఏథెన్స్ చేరతారా దియోలిండా?"

"ఏథెన్స్ ఎక్కడికీ పోదు లెండి. పోయేది నా పిల్లలే, సగంలో చదువు మానేసి."

ఈ వసంతంలో, వారి విరమణతో వలసల చరిత్రను ఎత్తివేసి మళ్ళీ ఏథెన్స్‌తో మొదలయ్యే పాశ్చాత్య నాగరికత చివరి వారంలో కలపాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ చివరి వారం ఏనాడూ రాదని మనందరికీ తెలుసు. వీడ్కోలు సభలో ఆనవాయితీ ప్రకారం కళాశాల ముద్ర వేసిన నల్ల కుర్చీని బహూకరించబోతే, వారు నిట్టూర్చి ఇప్పటి డీన్ గారితో అన్నారు:

"నాకు కూర్చోడానికి కుర్చీ ఇస్తున్నారు. నా పాఠానికి ఓ గది ఉంచలేరా బాబూ?"

ఆ మాటతో వలసల పాఠానికి ఒక్క ఏడాదికి గది దక్కింది. కుర్చీని మాత్రం వారు ఇంటికి తీసుకువెళ్ళలేదు. ఆ గదిలోనే వెనక వరుసలో వేయించారు.

"సెప్టెంబరులో వచ్చి కూచుంటా. గది కావాలన్నవాళ్ళు ముందు నన్ను లేపాలి."

వారి మోకాళ్ళ నొప్పులు ఉపశమించి, ఇన్నాళ్ళు బాకీపడ్డ నిద్ర కంటినిండా దక్కి, భర్త జోకిం గారు కాచే వేడివేడి ఆకుకూర సూపుతో ఒంట్లో సత్తువ నిలిచి, నిండు నూరేళ్ళూ వారు ఆ కుర్చీలో హాయిగా కూర్చోవాలనీ, వారిని లెమ్మనే ధైర్యం ఏ డీన్‌కూ కలగకూడదనీ సహోద్యోగులమంతా మనసారా కోరుకుంటున్నాము.