దిబ్బకు పడ్డ గండి

డెబ్భై ఏడు ఉప్పెన వెళ్ళిన నెలకి, కోడూరు అవతల సముద్రపొడ్డున ఉన్న ఇసుక దిబ్బ దగ్గరికి అతను అరువెద్దులతో మళ్ళీ బండి తోలుకొచ్చాడు. ఆమె ఎద్దు ముక్కుతాడు పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"తప్పుకో అత్తా. ఇల్లు మళ్ళీ కట్టుకోవాలి. ముందు మెరక చెయ్యాలి."

"ఇంకో తట్ట ఎత్తావంటే మర్యాద దక్కదు! నువ్వు తవ్విన గండిలోంచే గదరా సముద్రం ఊళ్ళో పడింది?"

"తాటిచెట్టంత అలని ఈ ఇసుక ఆపుద్దా?"

"దిబ్బ తెగని వైపు ఏలీయా వాళ్ళ వీధి నిలబడింది. గండికి ఎదురున్న మన వీధి తుడిచిపెట్టుకుపోయింది. పైగా మనది రేగడి నేల, నీళ్ళు ఇంకనివ్వదు. ఇప్పటికీ చేలల్లో ఉప్పునీళ్ళు అట్టాగే ఉన్నాయి, కళ్ళు కనబడట్లేదా?"

"నీతులు నాకా చెప్పేది? నీ ఇంటి మెరకకి ఇక్కడి ఇసుకే తోలించుకున్నావుగా. అందుకేగా వీధి మొత్తంలో నీ ఇల్లొక్కటే మిగిలింది!"

ఆమె ముక్కుతాడు మాత్రం వదల్లేదు.

"అవున్రా. ఆ మెరక మీద నిలబడే, మీ అమ్మ కొట్టుకుపోవడం చూశాను. బండి తిప్పు."